కాలి మిషన్‌కి మోటారు, కొత్త రంగు: వేయించాలా, వద్దా?

లంకపిల్ల (పి.గన్నవరం వైపు)
మా మేనత్త సింగర్ 15కె కాలి కుట్టుమిషన్ మా ఇంటికొచ్చింది. పోత ఇనుము స్టాండు, టేకు బల్ల. మిషన్ కంబం మీద నీలం అంచున్న ఇత్తడి బిళ్ళ, దాని మీద 1851–1951 అని ఉంది. నంబరు ఈహెచ్ అక్షరాలతో మొదలవుతుంది. బంగారు రంగు పూలు చెయ్యి ఆనేచోట అరిగిపోయాయి, మిగతాచోట బాగానే ఉన్నాయి. 2022 జూలై వరదకి తలను (బల్ల మీదుండే, కుట్టే భాగాన్ని) అటకెక్కించారు గానీ స్టాండు నీళ్ళలోనే ఉండిపోయింది. ఇప్పుడు తొక్కితే కదలదు.

దగ్గర్లో ఒక మెకానిక్కి చూపిస్తే, "గ్రైండర్ పట్టి పాత రంగంతా లేపేసి, నల్ల రంగు స్ప్రే కొట్టి, మోటారు బిగించి ఇస్తాను, కొత్తదానిలా ఉంటుంది" అన్నాడు. అత్తయ్య ఒప్పుకోవడం లేదు. దాని మీద చెయ్యి వేస్తే ఊరుకోనంటోంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మోటారు లేకపోతే నేను ముట్టను అంటోంది. నాకైతే జాకెట్లు, చీరలకి ఫాల్సు కుట్టుకుంటే చాలు. మీరేమంటారు?

పాతఇనుము (రాజమండ్రి)
గ్రైండర్ అన్న మాట వినగానే మిషన్ ఆటో ఎక్కించి ఇంటికి తెచ్చేసుకోవాల్సింది అమ్మా!

ఆ నంబరూ ఆ బిళ్ళా చూస్తే అది స్కాట్లాండులో క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో 1950ల మొదట్లో తయారైంది. కంపెనీకి వందేళ్ళు నిండాయని ఆ బిళ్ళ వేశారు. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. పక్కనున్న రైల్వే స్టేషన్ పేరు మాత్రం ఈనాటికీ సింగరే.

ఆ పూలు పెయింటు కాదు, అంటించిన డెకాల్స్. వాటి మీద పల్చగా లక్క వార్నిష్ పూత ఉంటుంది. స్పిరిట్, థిన్నర్, చేతులకి రాసుకునే శానిటైజర్, ఏది తగిలినా ఆ పూత కరిగి పూలు గుడ్డకి వచ్చేస్తాయి. మిషన్ ఆయిల్‌లో ముంచిన మెత్తటి నూలుగుడ్డతో మురికి తుడవండి. ముందు వెనకవైపు ఓ మూల రుద్ది చూడండి. గుడ్డ నల్లబడితే మురికి, బంగారం మెరిస్తే అక్కడితో ఆపేయండి.

ఇక గ్రైండర్ పడితే లేచే పొడి నూనె చిల్లుల్లోంచి లోపలికి పోతుంది. షాఫ్టు తిరిగే చోటల్లా అది గరుకు కాగితంలా అరగదీస్తుంది. పైన కొత్త పెళ్ళికూతురు, లోపల కీళ్ళవాతం.

టైలరమ్మ (పాలకొల్లు)
అందరూ పూల గురించే మాట్లాడతారు. ఆ మిషన్ షోకేసులో పెట్టడానికా, జాకెట్లు కుట్టడానికా?

నేను పొద్దున్న కూర్చుంటే రాత్రి దాకా కుడతాను. పెళ్ళి ముహూర్తాల్లోనూ సంక్రాంతి ముందూ తల ఎత్తే తీరిక ఉండదు. మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కలేని స్థితి వచ్చాక మోటారు పెట్టించాను. మిషన్ అదే, కుట్టు అదే, మోకాలు మాత్రం నాదిగా మిగిలింది. వాళ్ళమ్మగారు నొప్పి అంటుంటే పూలు చూపించి తొక్కమనడం న్యాయం కాదు.

రంగు విషయానికొస్తే, మన వైపు గాలికి ఇనుము ఆగదండీ. నరసాపురం, అంతర్వేది వైపు కిటికీ ఊచలు చూడండి, ఎన్నిసార్లు రంగు వేసినా పొరలు పొరలుగా లేస్తాయి. ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే తుప్పు తింటుంది.

కువైట్ బావ
ఆ బిళ్ళ ఉన్న మిషన్లలో ఎర్ర పాదరసం ఉంటుందటగా? లక్షలు పలుకుతుందని మా రూమ్మేటు చెప్పాడు. మోటారు సంగతి తర్వాత, ముందు అది చూడండి చెల్లెమ్మా.

పాతఇనుము
బావగారూ, ఆ పుకారు 2009లో సౌదీలో లేచింది. జనం పాత సింగర్ మిషన్ల కోసం ఎగబడ్డారు, సెల్‌ఫోన్ సూది దగ్గర పెట్టి పరీక్షలు చేశారు. అందులో ఉండేది పోత ఇనుము, ఉక్కు, నూనె మురికి. అంతే.

టైలరమ్మగారూ, మోటారు వద్దని నేను అనలేదు. నేనన్నది గ్రైండర్ గురించి. మీరు రెండూ ఒక గాటన కట్టేస్తున్నారు. మోటారు రేపు తీసేయొచ్చు, లేపేసిన పూలు మళ్ళీ రావు.

షటిల్ బాబాయ్ (మండపేట)
రంగూ మోటారూ కాసేపు పక్కన పెట్టండి. అసలు తొక్కుడు ఎక్కడ పట్టేసిందో ఎవరూ అడగలేదు.

అమ్మాయ్, ముందు తోలు బెల్టు చక్రం మీంచి జార్చెయ్. ఇప్పుడు పైన చేతిచక్రం తిప్పి చూడు. తర్వాత కింద తొక్కుడు పలక కదిపి చూడు. పైది తిరిగి కిందది తిరక్కపోతే తలకి రోగం లేదన్నమాట. వరదలో ఉన్నది స్టాండే గనక నా అనుమానం దాని మీదే. గోదారి ఒండ్రు బట్టలో వడగట్టినంత సన్నగా ఉంటుంది. పెద్ద చక్రం ఇరుసులోకీ, తొక్కుడు పలక అటూ ఇటూ ఆనే మొనల దగ్గరికీ దూరి సిమెంటులా గట్టిపడుతుంది. దాని మీద నూనె పోస్తే ఉపయోగం లేదు. ముందు మంచినీళ్ళతో బ్రష్ పెట్టి కడిగి, ఎండలో బాగా ఆరనిచ్చి, అప్పుడు కిరసనాయిలు వెయ్యాలి. ఈ రోజుల్లో కిరసనాయిలు దొరకడం గగనమే, డీజిల్ అయినా పరవాలేదు. రాత్రంతా నాననిచ్చి పొద్దున్నే మెల్లిగా ఊపాలి. కాలితో గట్టిగా తొక్కితే పలకని చక్రానికి కలిపే కడ్డీ వంగుతుంది, చెక్క కడ్డీ అయితే చీలుతుంది. మొనల దగ్గర బిగింపు నట్లుంటాయి. మరీ బిగిస్తే బరువు, వదులైతే టకటక చప్పుడు. పలక వేలితో తోస్తే ఊగాలి గానీ పక్కలకి ఆడకూడదు.

తల కూడా బిగుసుకుంటే, సూది పలక కింద షటిల్ ఉంటుంది చూడు, దాని రింగు తీసి షటిల్ బయటికి లాగు. వెనకాల పాత దారప్పోగులు చుట్టుకుని, నూనెతో కలిసి నల్లటి తాడులా ఉంటాయి. నా దగ్గరికొచ్చిన పట్టేసిన మిషన్లలో సగం రోగం ఆ తాడే. సూదిమొనతో లాగి, తుడిచి, ఒక్క చుక్క నూనె వేసి మళ్ళీ పెట్టు. తీసేటప్పుడు సెల్‌ఫోన్‌తో ఫోటో తీసుకో, ఏ ముక్క ఎటు తిరిగి ఉందో తర్వాత తెలియాలి కదా.

అన్నట్టు, మీ అత్తయ్య అందులో కొబ్బరినూనె గానీ పోసేవారా?

లంకపిల్ల
ఆయ్, పోసేవారు బాబాయ్! ఇంటి నూనె కంటే మంచిది ఏముంటుంది అనేవారు.

కొబ్బరితోట (అంబాజీపేట)
మా అమ్మమ్మ జీవితాంతం గానుగ కొబ్బరినూనే పోసింది. మిషన్‌కి ఏమీ కాలేదు. అదేదో విషం పోసినట్టు మాట్లాడకండి.

షటిల్ బాబాయ్
మీ అమ్మమ్మగారు రోజూ కుట్టారు గనక ఏమీ కాలేదు. నూనె కొత్తది పడుతూ, పాతది బయటికి పోతూ ఉంటుంది. మిషన్ మూలన పడితే అదే నూనె గాలికి చిక్కబడి జిగురవుతుంది. ఇంకో సంగతి. కొబ్బరినూనె 24, 25 డిగ్రీలకే పేరుకుంటుంది. ధనుర్మాసంలో పొద్దున్నే మీ ఇంట్లో సీసా చూడండి, తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. మిషన్‌లో మాత్రం కట్టదా? పొద్దున తొక్కుడు బరువుగా ఉండి మధ్యాహ్నానికి తేలికయ్యే మిషన్ ఏ నూనె తాగిందో నాకు చూడకుండానే తెలుస్తుంది. తెల్లటి మిషన్ ఆయిలే వెయ్యండి. స్ప్రే డబ్బాల్లో వచ్చేది తుప్పు వదిలించడానికి, అది నూనెకి బదులు కాదు.

ఖద్దరు మావయ్య (తణుకు)
గాంధీగారు యంత్రాలని అంతగా వ్యతిరేకించి కూడా సింగర్ కుట్టుమిషన్‌ని మాత్రం మినహాయించారు. 1924లో ఒక సంభాషణలో ఆయన ఈ మాట అన్నట్టు ఆయన నడిపిన యంగ్ ఇండియా పత్రికలో వచ్చింది. మనిషి కాలితో నడిచే యంత్రం కాబట్టే మినహాయించారని నా నమ్మకం. దానికి కరెంటు తగిలిస్తే ఆ గొప్పతనం పోయింది. తొక్కుడే ఉంచండి.

టైలరమ్మ
మావయ్యగారూ, ఆ సంభాషణ నేనూ చదివాను. భార్య కూర్చుని చేత్తో కుట్టుకునే విసుగు చూడలేక సింగర్ ఆ మిషన్ కనిపెట్టాడని, దాని వెనక ప్రేమ ఉందని గాంధీగారు అన్నారు. అంటే ఆడదాని కష్టం తగ్గించింది కాబట్టే మినహాయించారు. మరి ఆ లెక్కన మోటారు ఎవరి పక్షం? ఆయన జాకెట్లు కుట్టి పొట్ట పోసుకోలేదు గానీ, పోసుకుని ఉంటే మోటారుకే ఓటేసేవారు.

పాతఇనుము
ప్రేమ సంగతేమో గానీ, సింగర్ 1851లో పేటెంటు తీసుకునేటప్పటికే ఎలియాస్ హోవ్‌కి 1846లో పేటెంటు ఉంది. కోర్టులో హోవ్ గెలిచి, సింగర్ దగ్గర రాయల్టీ రాబట్టాడు. ఇది చర్చకి సంబంధం లేదు, ఊరికే చెప్పాను.

సంబంధం ఉన్నది ఇది. లంకపిల్లగారూ, కంబం వెనకవైపు, చేతిచక్రానికి కాస్త కింద, ఉబ్బెత్తుగా ఓ దిమ్మ, అందులో మరచుట్టున్న బెజ్జం ఉందా చూడండి. ఉంటే కంపెనీవాళ్ళే మోటారు కోసం ఇచ్చినది అది. ఒక్క బోల్టుతో మోటారు ఎక్కుతుంది, ఒక్క బోల్టుతో దిగుతుంది. అది లేని మరీ పాత మిషన్లకి డ్రిల్లు వేస్తారు, దానికి మాత్రం నేను ఒప్పుకోను.

కేఫ్ డెకార్
స్టాండు ఒక్కటే ఇచ్చినా తీసుకుంటాం. పైన గాజు వేసి టేబుల్ చేస్తాం. మంచి రేటు ఇస్తాం.

టైలరమ్మ
నాయనా, నువ్వు వేరే చర్చకెళ్ళు. ఈ విషయంలో నేనూ పాతఇనుముగారూ ఒకటే.

ఎర్తింగ్ (కాకినాడ)
నాది ఎలక్ట్రికల్ పని. మోటారు పెట్టేవాళ్ళు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. బజార్లో ఈ మోటార్లు చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్గే వస్తుంది. మిషన్ ఒళ్ళంతా ఇనుము. మన వైపు వానాకాలంలో గచ్చు చెమర్చి ఉంటుంది, కింద చెప్పుల్లేని తడి కాళ్ళు. మోటారులో వైరు ఇన్సులేషన్ పోతే షాకు నేరుగా మనిషికే. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ వైరు, ఇంట్లో ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే దానంతటదే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటేనే పెట్టండి. కుట్టడం అవగానే స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గు పీకండి.

తొక్కుడు బెల్టు పారేయకండి. చేతిచక్రం గాడిలో ఒక్క బెల్టే పడుతుంది. మోటారు బెల్టు తీసి తోలుది వేసుకుంటే నిమిషంలో మళ్ళీ కాలి మిషనే. తుపానుకి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు అది ఎంత అక్కరకొస్తుందో 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఖద్దరు మావయ్య
చూశారా, చివరికి తొక్కుడే దిక్కు.

టైలరమ్మ
కరెంటు లేని రోజు దిక్కు, ఉన్న రోజు మోటారు. ఇందులో ఓడిందెవరు?

రంగు గురించి మాత్రం నాకింకా జవాబు రాలేదు. ఉప్పుగాలి మాటేమిటి?

పాతఇనుము
తలకి ఉన్న ఆ నల్లపూత బట్టీలో కాల్చి వేసింది, మనం స్ప్రే కొట్టే రంగు కంటే గట్టిది. తుప్పు పట్టేది పూత లేని చోట్ల: సూది కడ్డీ, చక్రం అంచు, పాదం, జారుడు పలక. వాటికి రంగు ఎలాగూ వెయ్యరు, సన్నటి స్టీల్ ఊలుకి నూనె అద్ది రుద్దాలి. పూత పెచ్చు ఊడినచోట చిన్న బ్రష్‌తో నల్ల ఎనామిల్ అద్దితే చాలు, మొత్తం లేపక్కర్లేదు. ఆ పైన పల్చగా మైనం పాలిష్. రాత్రి నూలుగుడ్డ కప్పండి. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ పట్టి ఇంకా పాడవుతుంది.

స్టాండు సంగతి వేరు. వరదలో నానింది కాబట్టి వైరు బ్రష్ పట్టి, రెడ్ ఆక్సైడ్ వేసి, నల్ల రంగు కొట్టండి. అక్కడ నేను అడ్డు చెప్పను.

టైలరమ్మ
స్టాండుకి ఒప్పుకున్నారు కదా, అంతే చాలు. తలకి నేనైతే వేయించేస్తాను. అరిగిన పూలు చూసి గిరాకీలు మా షాపులో మిషన్ పాతదనుకుంటారు. మీ ఇంట్లో మీ ఇష్టం.

లంకపిల్ల
అందరికీ చాలా థాంక్సండీ. బాబాయ్ చెప్పినట్టే చూశాం. చేతిచక్రం తిరిగింది, తొక్కుడు పలకే పట్టేసింది. ఇరుసులోంచి ఒండ్రు పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. ఇప్పుడు వేలితో తోస్తే ఊగుతోంది. బెల్టు వదులైతే అంగుళం కోసి, పాత తీగ క్లిప్పే మళ్ళీ గుచ్చాం. బాబిన్, షటిల్, 16 నంబరు సూది మామూలు ఊషా మిషన్‌వే సరిపోయాయి.

కంబం వెనక మరబెజ్జం ఉంది. తలకి రంగు వేయించడం లేదు, స్టాండుకి వేస్తున్నాం. అమ్మ కోసం మోటారు పెడుతున్నాం. అత్తయ్య ఇంకా ముభావంగానే ఉంది. మోటారు పెడితే పెట్టుకోండి, నేనొచ్చినప్పుడు మాత్రం తీసేసి ఉంచండి అంది.

షటిల్ బాబాయ్
బాగు. మోటారు బిగించేటప్పుడు బ్రాకెట్టు కింద పల్చటి తోలు ముక్క వేయించు, పాత పూత నలగదు.

ఎర్తింగ్
బాబాయ్‌గారూ, తోలు వేస్తే మిషన్ ఒంటికి ఎర్త్ అందకపోవచ్చు. మోటారు ఎర్త్ నుంచి ఇంకో వైరు లాగి తలకి విడిగా కలపాలి.

పాతఇనుము
ఎక్కడ కలుపుతారు? దాని కోసం పూత గీకుతానంటే నేనొప్పుకోను.

షటిల్ బాబాయ్
గీకక్కర్లేదయ్యా. అడుగున మర స్క్రూలు ఉన్నాయిగా, పూత లేనివి. వాటిల్లో ఒకదాని కింద వైరు రింగు దూర్చి బిగిస్తే సరి.