నాన్నగారిని పార్కిన్సన్స్ సైక్లింగ్ క్లాసుకి పంపొచ్చా?

ప్రశ్న (ఓహాయో):
నాన్నగారికి 69 ఏళ్లు, పార్కిన్సన్స్ అని తెలిసి నాలుగేళ్లయింది. పోయిన నెలే గుంటూరు నుంచి మా దగ్గరికి వచ్చారు. కుడి చెయ్యి వణుకుతుంది, గుమ్మం దగ్గరికి రాగానే అడుగు పడక కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడిపోతారు. ఇక్కడ వైఎంసీఏలో ఈ జబ్బున్నవాళ్ల కోసమే జిమ్ సైకిళ్ల మీద క్లాసు ఉంది, వారానికి మూడు రోజులు. నడవడమే కష్టమైన మనిషి సైకిల్ ఏం తొక్కుతారని అమ్మ భయం, నాకూ టెన్షన్‌గానే ఉంది. ఎవరైనా పంపించారా?

జవాబు 1:
మా అమ్మ ఏడాదిన్నరగా వెళ్తోంది, తప్పకుండా పంపండి. నడక ఆగిపోయేవాళ్లు కూడా చాలామంది సైకిల్ బాగా తొక్కగలరు, నేనూ చూసేదాకా నమ్మలేదు. మొదట పది నిమిషాలు మెల్లగా, తర్వాత 40 నిమిషాలు నిమిషానికి 80-90 చుట్లు తిరిగేలా, చివర్లో మళ్లీ పది నిమిషాలు మెల్లగా. మొదటి రోజు అమ్మ 50 దాటలేదు, కాలు పెడల్ మీంచి జారిపోతుంటే కోచ్ వచ్చి పట్టీ బిగించారు. అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రమే, అయినా పక్కావిడ కాళ్ల వేగం చూసి తనూ అందుకుంది. ఒక్కతే ఇంట్లో తొక్కితే అంత వేగం రాదు. క్లాసుకి వెళ్లిన రోజు జాకెట్ హుక్సు తనే పెట్టుకుంటుంది, వారం మానేస్తే మళ్లీ బిగుసుకుపోతుంది.

జవాబు 2 (ఫిజియోథెరపిస్టుని):
ఈ 80-90 లెక్క ఊరికే వచ్చింది కాదు. క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో పనిచేసే జే ఆల్బర్ట్స్ 2003లో పార్కిన్సన్స్ ఉన్న ఒకావిడతో కలిసి ఇద్దరు తొక్కే సైకిల్ మీద అయోవా రాష్ట్రం దాటారు, దారిలో ఆవిడ చేతిరాత బాగుపడటం గమనించారు. తర్వాత 2009లో ఆయన బృందం పదిమంది మీద ఎనిమిది వారాల అధ్యయనం ప్రచురించింది. ట్రైనర్‌తో కలిసి తమ మామూలు వేగం కంటే ఎక్కువగా తొక్కినవాళ్లలో కదలికల స్కోరు 35 శాతం మెరుగైంది, సొంత వేగంతో తొక్కినవాళ్లలో ఆ మార్పు లేదు. చాలా చిన్న అధ్యయనమని గుర్తుంచుకోండి. నెదర్లాండ్స్‌లో 130 మందితో చేసినది 2019లో వచ్చింది, ఇంట్లోనే ఆరు నెలలు తొక్కినవాళ్లకి లక్షణాలు ముదరడం తక్కువగా ఉంది. జబ్బే పోతుందని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. ముందు గుండె పరీక్ష చేయించండి. దిగేటప్పుడు మరీ జాగ్రత్త, ఈ జబ్బులో లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థాంక్సండి. నాన్నగారు సిండోపా (పార్కిన్సన్స్ మాత్ర) ఉదయం 8కి వేసుకుంటారు, క్లాసు 10:30కి. ఫర్వాలేదా?

జవాబు 2:
రెండు మూడు రోజులు ఇంట్లోనే ఆ టైమ్‌కి ఎలా కదులుతున్నారో చూడండి. ఒళ్లు తేలిగ్గా ఉంటే సరే, అప్పటికే బిగుసుకుంటుంటే రాసిపెట్టి న్యూరాలజిస్టుకి చూపించండి. టైమ్ మార్చాలా వద్దా ఆయనే చెప్పాలి, మీరుగా మార్చకండి.