లాక్ అంటే తాళం ఒక్కటేనా? మీకు తెలిసిన వాడుకలు రాయండి

లంకటీచర్: తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నానండి. ఒకే మాటని ఎన్ని రకాలుగా వాడతారో పిల్లలకి చూపిద్దామని లాక్ తీసుకున్నా. డిక్షనరీ తాళం దగ్గర మొదలవుతుంది, లొల్ల ఊరి వైపు నుంచి వచ్చే పిల్లలేమో లాకులంటే కాలవే కదండీ అంటున్నారు. ఈ రెండూ ఒకే మాటేనా? మీ పనుల్లో ఇంకెక్కడైనా వాడితే అవీ చెప్పండి.

కాలవగట్టు: ఒకటేనండి. మా నాన్నగారు ఇరిగేషన్‌లో లస్కరు, అంటే కాలవలు చూసుకునే ఉద్యోగి, ఆయన చెప్పిందే రాస్తున్నా. కాలవ ఒకచోట ఎత్తులో ఉంటుంది, దాని దిగువ పల్లం, పడవ అక్కడినుంచి దూకలేదు కదా. అందుకని రెండు జతల తలుపులు పెట్టి మధ్యలో గదిలా కడతారు. పడవ లోపలికొచ్చాక వెనక తలుపులు మూసేసి, ముందు వైపు చిన్న తూము ఎత్తితే గదిలో నీళ్లు మెల్లగా దిగుతాయి, వాటితోపాటు పడవా దిగుతుంది, రెండు మట్టాలూ సమానమయ్యాకే ముందు తలుపులు తెరుచుకుంటాయి. ఆ రెక్కలు తిన్నగా మూసుకోవు, ఎగువకి మొన తేలేలా కలుస్తాయి, దాంతో ఎగువ నీటి ఒత్తిడే వాటిని బిగించి పట్టుకుంటుంది. నీళ్లనీ పడవనీ లోపలేసి మూసేది కాబట్టి లాక్. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది, కాటన్ దొర కాలవల్ని సాగుకే కాదు, పడవలకీ పనికొచ్చేలా తవ్వించాడు. ఇప్పుడు సరుకంతా లారీల మీదే పోతోంది గానీ ఆ చోట్లకి లాకులన్న పేరు పోలేదు. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి టీచర్‌గారూ, బోర్డు మీద ఎంత గీసినా ఆ రెక్కలు అర్థం కావు.

పాస్‌బుక్: బ్యాంకులో లాకరు అందరికీ తెలిసిందే. లాకిన్ అంటే గడువు దాకా డబ్బు తీయకూడదని, పన్ను మినహాయింపు ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి 5 ఏళ్లు, పన్ను మినహాయింపు ఉండే ఈఎల్ఎస్ఎస్ మ్యూచువల్ ఫండ్లకి 3. వీటన్నిటికంటే ముందు, మన వేలిముద్రని ఎవరూ వాడకుండా ఆపి ఉంచే ఆధార్ బయోమెట్రిక్ లాక్ గురించి చెప్పండి. మా బ్రాంచికి ఒక మామ్మగారు వచ్చారు, ఎన్నిసార్లు వేలు పెట్టినా పడటం లేదు, మిషన్ పాడైందనుకున్నాం, తీరా చూస్తే మనవడు మోసాల భయంతో లాక్ చేసి ఉద్యోగానికి వెళ్లిపోయాడు. లాక్ తీయడానికి ఓటీపీ వచ్చే ఫోనూ అతని దగ్గరే. లాక్ చేయడం మంచిదే, ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పి చేయాలి.

రావులపాలెం_వీల్స్: డ్రైవింగ్ నేర్పుతాను. స్టీరింగ్ లాక్ అంటే తాళమే కాదు, ముందు చక్రాలు పక్కకి తిరిగి ఆగిపోయే హద్దునీ అలాగే అంటారు. ఇంకోటి వీల్ లాక్. వానలో గట్టు రోడ్డు మీద గట్టిగా బ్రేకేస్తే చక్రం తిరగడం ఆగిపోతుంది, బండి మాత్రం జారుతూనే పోతుంది, అప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పినా వినదు. ఏబీఎస్‌లో ఏ, బీ అక్షరాలకి యాంటీ లాక్ బ్రేకింగ్ అనే అర్థం, చక్రాన్ని అలా బిగుసుకుపోనివ్వదు.

నిఘంటుప్రియ: లాక్ ఆఫ్ హెయిర్‌ని మాత్రం ఈ గంపలో వేయకండి, జుట్టు పాయ అనే ఆ మాట పాత ఇంగ్లీషులో వేరే మూలం నుంచి వచ్చింది. వెడ్‌లాక్ కూడా అంతే, పెళ్లంటే తాళం అని చమత్కారంగా చెబుతుంటారు, అది తప్పు, అక్కడ వెడ్ అంటే ప్రమాణం, లాక్ ఒట్టి ప్రత్యయం. లాక్ స్టాక్ అండ్ బ్యారెల్‌లో ఉన్నవి తుపాకీ భాగాలు, లాక్ అంటే మందు పేల్చే యంత్రం. మొత్తంగా అని దాని భావం, మనం తట్టాబుట్టాతో సహా అన్నట్టు.

లంకటీచర్: చాలా థాంక్సండి, లొల్ల తీసుకెళ్తాను. కాలవగట్టు గారూ, అక్కడ షట్టర్లు కూడా ఉన్నాయి, వాటినీ లాకులనే అంటారా?

కాలవగట్టు: ఆయ్, వాడుకలో అన్నీ కలిపి లాకులే. లెక్క ప్రకారం షట్టర్లున్నది రెగ్యులేటర్, అది కాలవకి నీళ్లు ఎంత వదలాలో చూస్తుంది. పడవ దాటే తలుపుల గది పక్కన వేరుగా ఉంటుంది, పిల్లలకి ముందు అది చూపించండి.