గ్రాండ్‌ఫాదర్డ్ అనే మాటకి తెలుగులో ఏమనాలి?

పోస్ట్:
గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. డౌటు చిన్నదే కానీ కథ కొంచెం పొడుగు, ఓపికుంటేనే చదవండి. నేను అట్లాంటాలో ఉంటా. మొన్న ఆఫీసులో ఏదో సాఫ్ట్‌వేర్ రేట్లు పెరిగాయి, మా పాత లైసెన్సులకి మాత్రం పాత రేటే ఉంచారు, నేను మీటింగులో మామూలుగా "పర్లేదు, మనం గ్రాండ్‌ఫాదర్డ్" అనేశా. ఇక్కడ అందరూ అనే మాటే, ఫోన్ ప్లానుకీ అంటారు, ఇన్సూరెన్సుకీ అంటారు. మీటింగ్ అయ్యాక మా టీములో ఒకావిడ, బ్లాక్, నాకంటే పదేళ్ళు పెద్దది, కాఫీ మెషిన్ దగ్గర ఆగి "నేనైతే లెగసీ అంటాను, మా వాళ్ళది లూసియానా" అని నవ్వి కప్పు తీసుకుని వెళ్ళిపోయింది. కోప్పడలేదు, క్లాసు పీకలేదు. లూసియానాకీ తాతకీ సంబంధమేంటో తెలీక ఆ రాత్రి కూర్చుని చదివా.

సంగతేంటంటే, 1870లో వాళ్ళ రాజ్యాంగానికి 15వ సవరణ వచ్చింది, జాతినో రంగునో చూసి ఓటు ఆపకూడదని. దాంతో దక్షిణాది రాష్ట్రాలు రంగు అనే మాట ఎక్కడా పడకుండా చట్టం రాయడం నేర్చుకున్నాయి. చదవడం రాయడం వచ్చని చూపించు, లేకపోతే ఇంత ఆస్తి చూపించు అన్నారు. వచ్చో రాదో తేల్చేది ఓటర్ల లిస్టు రాసే గుమాస్తానే. ఐతే చదువురాని తెల్ల రైతులు కూడా బోలెడుమంది, ఆ లెక్కన వాళ్ళ ఓట్లూ పోవాలి కదా, అందుకని లూసియానా 1898లో ఒక మెలిక పెట్టింది: 1867 జనవరి 1 నాటికి నీకు గానీ మీ నాన్నకి గానీ తాతకి గానీ ఓటు హక్కు ఉండుంటే నీకు చదువూ అక్కర్లేదు ఆస్తీ అక్కర్లేదు. దీన్నే గ్రాండ్‌ఫాదర్ క్లాజ్ అన్నారు, గ్రాండ్‌ఫాదర్డ్ అనే మాట దీన్నుంచే పుట్టింది. ఆ తేదీయే ఎందుకంటే అక్కడి బ్లాక్ మగవాళ్ళకి ఓటు దక్కేలా కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, చట్టం చేసింది అదే ఏడాది మార్చిలో! సరిగ్గా రెండు నెలలు వెనక్కి జరిపి గీత గీశారు. 1896లో లూసియానాలో బ్లాక్ ఓటర్లు 1,30,334 మంది, 1904కి 1,342. నేను సున్నాలు ఏమైనా ఎగిరిపోయాయేమో అని రెండుసార్లు చూసుకున్నా.

1915లో సుప్రీంకోర్టు ఓక్లహోమా కేసులో ఈ మెలిక చెల్లదని కొట్టేసింది. కొట్టేస్తే ఓక్లహోమా ఊరుకుందా, 1916లో ఇంకో చట్టం తెచ్చింది, 1914లో ఓటేసినవాళ్ళు లిస్టులో ఉన్నట్టే, మిగతావాళ్ళు 12 రోజుల్లో వచ్చి పేరు రాయించుకోవాలి, ఆ పన్నెండు రోజులు తప్పితే ఇక జన్మలో ఓటు లేదు. అది కొట్టేసేసరికి 1939.

ఇప్పుడు నా డౌటు. తెలుగులో ఏమనాలి? "తాత నిబంధన" అంటే ఏదో వృద్ధాప్య పెన్షన్ స్కీములా ఉంది.

రాజమండ్రి మాస్టారు:
బాబూ, మాట కోసం ఎందుకు వెతుకుతావు, సామెతే ఉందిగా. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి! మనం దాన్ని గొప్పలు పోయేవాణ్ణి వెక్కిరించడానికి వాడతాం. అక్కడ గుమాస్తా నిజంగానే మూతులు వాసన చూసి ఓటిచ్చాడన్నమాట. "నేతిమూతి షరతు" అను. నిబంధన కంటే షరతులో ఆ మెలిక వినిపిస్తుంది.
ఇంకోటి, నువ్వు జాతి అని రాశావు. తెలుగుజాతి అంటాం, జాతిపిత అంటాం, జాతి కుక్క అంటాం, కులానికీ అంటాం, అన్నిటికీ అదే మాటైతే చదివేవాడు ఏం పట్టుకుంటాడు. పోనీ వర్ణ వివక్ష అందామంటే మనవాళ్ళకి చాతుర్వర్ణాలు గుర్తొస్తాయి. రంగు అనే పచ్చిగా రాసెయ్.

హ్యూస్టన్ అక్క:
మాస్టారూ, నేతిమూతి సూపర్ 😀 నేను డయాలసిస్ సెంటర్లో నర్సుని. ఓటు చట్టంలో రంగు దాచారు, మా దగ్గర మొన్న మొన్నటిదాకా బాహాటంగా లెక్కలోనే ఉండేది. కిడ్నీ ఎంత పనిచేస్తోందో రక్తంలో క్రియాటినిన్ చూసి ఒక ఫార్ములాతో లెక్కేస్తారు. పేషెంట్ బ్లాక్ ఐతే వచ్చిన నంబరుని 1.159తో గుణించాలి. కిడ్నీ మార్పిడి వెయిటింగ్ లిస్టులో టైము లెక్క మొదలవ్వాలంటే నంబరు 20కి దిగాలి. ఒకాయనకి 18 వచ్చిందనుకోండి, గుణిస్తే దాదాపు 21, ఇంకా బాగానే ఉంది నాయనా తర్వాత రా అన్నట్టు. అదే 18తో పక్క కుర్చీలో తెల్లాయన లిస్టులో ఉంటాడు. 2021లో ఆ గుణకారం తీసేశారు, 2023 నుంచి పోయిన వెయిటింగ్ టైము లెక్కగట్టి తిరిగి కలపమన్నారు. ఈలోపు పోయినవాళ్ళకి ఏం కలుపుతారు. మీరు మాట అడిగారు కదా, మేం దీన్ని "రేస్ కరెక్షన్" అనేవాళ్ళం. కరెక్షన్ అంట! "రంగు దిద్దుబాటు" అని తెలుగులో రాసుకుంటే గానీ నాకు ఆ మాట ఎంత వెటకారంగా ఉందో తెలీలేదు.

ఒక సభ్యుడు:
అడ్మిన్ గారూ ఇది భాషా గ్రూపా రాజకీయ గ్రూపా? మేం రెండు సూట్‌కేసులతో దిగాం, మా తాతెవరో ఇక్కడ ఎవడికీ తెలీదు, కష్టపడి పైకొచ్చాం. ఇవన్నీ పాత గొడవలు.

పోస్ట్ పెట్టినవాడు:
అన్నా, మీ కష్టాన్ని ఎవరూ కాదనట్లా. కానీ ఆ సూట్‌కేసులు దిగిన తలుపు సంగతి కూడా చూడండి. 1923లో భగత్ సింగ్ థింద్ అని పంజాబీ, అమెరికా సైన్యంలో చేసినాయన, సుప్రీంకోర్టు నువ్వు తెల్లవాడివి కాదు పౌరసత్వం కుదరదు అంది. 1946లో దయతలచి ఇండియాకి ఏడాదికి ఓ 100 మంది కోటా ఇచ్చారు. 1965 ఆగస్టులో ఓటింగ్ రైట్స్ చట్టం, అదే ఏడాది అక్టోబర్లో దేశాల కోటాలు తీసేసిన ఇమ్మిగ్రేషన్ చట్టం, రెండిటి మీదా ప్రెసిడెంట్ జాన్సన్ సంతకమే. వీధుల్లో దెబ్బలు తిన్నది బ్లాక్ వాళ్ళు, ఆ గాలికే మన తలుపూ తెరుచుకుంది. మన ఇళ్ళల్లో వాళ్ళని ఏమని పిలుస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు, ఆ మాట భాషా గ్రూపు ఐనా ఇక్కడ రాయను.
ఇక పాత గొడవ అన్నారు. మా అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రం ఓటింగ్ రూల్ ఏది మార్చాలన్నా ముందు వాషింగ్టన్లో కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోవాలని ఉండేది, 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో అది పోయింది. 2021లో మా రాష్ట్రం చట్టం చేసింది, బూత్ బిల్డింగుకి 150 అడుగుల్లోపు లైన్లో నిలబడ్డవాళ్ళకి బయటివాళ్ళు నీళ్ళ బాటిలు కూడా ఇవ్వకూడదు. 2020 జూన్లో ఎక్కువమంది బ్లాక్ వాళ్ళుండే ఏరియాల్లో గంటలకొద్దీ లైన్లు. ఎండాకాలం చలివేంద్రం పెట్టడం మనకి పుణ్యం కదా, ఇక్కడ ఆ చోట పెడితే కేసు!

రాజమండ్రి మాస్టారు:
చలివేంద్రానికి కేసా? సరే నీ ఫోన్ ప్లాన్ మాట తేల్చావా లేదా. దానికి నేతిమూతి వాడితే బాగోదు.

పోస్ట్ పెట్టినవాడు:
తేలింది మాస్టారూ, మా అమ్మకి ఫోన్ చేసి అడిగా. కొత్తవాళ్ళకి రేటు పెంచి పాతవాళ్ళకి పెంచకపోతే ఏమంటామే అంటే, కూర తాలింపు వేస్తూనే "పాత ఖాతా అంటార్రా, మన కిరాణా కొట్టు శెట్టిగారు అలాగే రాసుకునేవాడు" అంది. రేపు మీటింగులో లెగసీ, ఇంట్లో పాత ఖాతా. లూసియానాది మాత్రం మీ నేతిమూతి.