పైన్ దుంగ మీద తెంపిన పుట్టగొడుగులు వండొచ్చా?

దేవరకొండ లారీ:
అందరికీ నమస్తే. యాపిల్ లోడు కోసం పోయినవారం హిమాచల్‌ల నార్కండ దిక్కు పోయిన. కొండచరియలు పడి రోడ్డు బందయ్యింది, రెండు రోజులు అక్కడనే ఆగిన. చుట్టూ పైన్, దేవదారు చెట్లు. లోపలికి నడిస్తే నాచు పట్టి మెత్తబడ్డ పైన్ దుంగ ఒకటి పడి ఉంది. దాని పొడుగునా తెల్లటి గొడుగులు. కాడ లేదు, విసనకర్రల లెక్క ఒకదాని మీద ఒకటి. అచ్చం మనకాడ అమ్మే ఆయిస్టర్ పుట్టగొడుగుల తీరే. క్యాబిన్ల పేపర్ పరిచి ఎండబెట్టి ఇంటికి తెచ్చిన.

చిన్నప్పుడు మృగశిర కార్తెల ఉరుముల వాన పడ్డ తెల్లారే మా అమ్మ పుట్టల కాడికి పోయేది. ఆ కూర రుచి మళ్ల ఎక్కడా దొరకలే. ఇవి చూడంగనే అదే యాదికొచ్చింది. ఎల్లిగడ్డ వేసి ఉడికిస్తే నల్లబడకుంటే మంచివే అని అమ్మ అంటున్నది. రేపు జొన్నరొట్టెలకు వండుతదట. వండొచ్చా?

అచ్చంపేట అక్క:
వండకు తమ్మీ. ముందు ఆ సంచి పిల్లలకు అందకుండ పైన పెట్టి, తర్వాత చదువు.

నేను వరిగడ్డి మీద ఆయిస్టర్ పెంచి అమ్ముత. రోజూ చేతులతో తెంపేదాన్ని, అయినా నీ దుంగ మీదివి తినను. ఏంజెల్ వింగ్ అని ఒక రకముంది. తెల్లగ, పల్చగ, కాడ లేకుండ ఉంటది. పైన్, ఫర్ లాంటి చెట్ల కుళ్లిన దుంగల మీదనే పుడుతది. జపాన్ల ఎన్నో ఏండ్లు ఇష్టంగ తిన్నరు. 2004ల అవి తిని మెదడు దెబ్బతిని 17 మంది చనిపోయిరు, చాలామంది కిడ్నీ జబ్బున్నోళ్లు. నీవి అవేనని నేననను. ఎండి ముడుచుకున్నంక ఏవో తేల్చుడు నాతోని కాదు.

ఎల్లిగడ్డ మాట మా అత్తమ్మ కూడా అంటది. విషమున్నా ఎల్లిగడ్డ తెల్లగనే ఉంటది, వెండి చెంచా కూడా అంతే. అమాటాక్సిన్ అనే విషం ఉడకబెట్టినా పోదు, ఎండబెట్టినా పోదు. దుంగల మీద మొలిచే చిన్న గోధుమరంగు గొడుగుల్ల కూడా అది ఉంటది. తిన్న ఆరేడు గంటల దాకా ఏం తెలవది. తర్వాత వాంతులు, విరేచనాలు. మర్నాడు తగ్గినట్టే అనిపిస్తది, అప్పటికే లోపల కాలేయం పోతుంటది. అందుకే ఒక ముక్క తిని చూద్దామనుకోకు.

మీ అమ్మకు తెలివి లేక కాదు. ఆమె తెంపే పుట్టగొడుగును చెదలే పుట్టల పెంచుతయి. గుంజితే పొడుగాటి వేరు కిందికి చెదల గూడు దాకా పోతది. అమ్మ చూసే గుర్తు అదే. పైన్ దుంగ మీద ఆ గుర్తు ఎక్కడిది?

మన్ననూరు నీడ:
అక్క చెప్పింది నిజం. మన చేలల్ల కూడా పైలం. రెండేండ్ల కింద మా పక్కింటోళ్లు గట్టు మీద పెద్ద తెల్లగొడుగులు తెంపి వండుకున్నరు. మూడు గంటలకే ఇంటిల్లిపాదికీ వాంతులు. మిగిలినయి తిరగేసి చూస్తే కింద రేకులు ఆకుపచ్చగ మారినయి. డబ్బల వేసుకొని దవాఖానకు పట్కపోయినం, డాక్టర్ మొదలు అడిగింది అవే. సెలైన్ పెట్టిరు, అందరూ బతికిరు. మా తాత అసుంటియన్నీ కుక్కగొడుగులనేటోడు, పుట్ట మీద లేనిది ముట్టకపోయేది.

దేవరకొండ లారీ:
అమ్మకు మొత్తం చదివి వినిపించిన. వేరు మాట రాంగనే "అవు బిడ్డా, అది తెగకుండ గుంజాలె" అన్నది. ఎల్లిగడ్డ దగ్గర జర సేపు ఏం మాట్లాడలే. తర్వాత తనే సంచి తీసుకపోయి పెరట్ల గుంత తవ్వి పూడ్చింది.

అక్కా, గురువారం శ్రీశైలం రోడ్డుకు లోడుంది. అచ్చంపేటకు మళ్లుత. అమ్మకు అరకిలో తీసిపెడతవా?