35 వేల లోపు తేలికపాటి ల్యాప్‌టాప్: వాడినోళ్లు జర చెప్పున్రి

చెల్లెకోసం:
మా చెల్లె కేయూల (కాకతీయ యూనివర్సిటీ) ఎంసీఏ చేస్తున్నది, రోజు కాజీపేట నుంచి బస్సుల పోతది, పుస్తకాలు టిఫిన్ డబ్బాకే భుజం నొస్తున్నదంటది, గందుకే కిలోన్నర లోపు ఉండేది చూస్తున్నం. హన్మకొండ చౌరస్తా కాడ షాపుల ఒకటి చూపెట్టిండ్రు, 14 ఇంచులు, 1.4 కిలోలు, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ స్టోరేజీ. మంచిగనే అనిపిచ్చింది. రోజు వాడేటోళ్లు ఏమంటరు?

అప్‌డౌన్:
రెండేండ్ల సంది గసొంటిదే మోస్తున్న, రోజు కాజీపేట నుంచి సికింద్రాబాద్. బరువు సంగతి మస్తు సుఖం, ఇంతకుముందు రెండున్నర కిలోలది మోసినోన్ని కాబట్టి చెప్తున్న. టైప్-సీ ఛార్జింగ్ ఉంటె ఇంకా మంచిది, 45 వాట్ల ఛార్జర్ ఒక్కటి వెట్టుకుంటె ఫోన్‌కు దీనికి రెండింటికి నడుస్తది. స్క్రీనే మైనస్. 250 నిట్స్ అని రాసి ఉంటది చూడు, అది స్క్రీన్ వెలుగు లెక్క, గది తక్కువే, రైళ్ల కిటికి పక్కన కూసుంటె అక్షరాలు కనవడయ్. బ్యాటరీ కొత్తల ఆరు గంటలు అచ్చేది, ఇప్పుడు నాలుగు.

పత్తిపైసలు:
తమ్మీ, ర్యామ్ సంగతి తేల్చుకోకుండ పైసలు కట్టకు. మా బాపు ఎనుమాముల మార్కెట్ల పత్తి అమ్మి ఇచ్చిన పైసలతోటి నేను 4 జీబీది తీస్కున్న, తర్వాత పెంచుకోవచ్చని షాపాయన చెప్తె నమ్మిన. ఆర్నెల్లకు వెనక మూత ఇప్పిస్తె ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉన్నది, స్లాటే లేదు. స్టోరేజీ 64 జీబీ ఈఎంఎంసీ (ఎస్‌ఎస్‌డీ కంటే మెల్లగ నడిచే చిప్), విండోస్ 11 కనీసం అడిగేదే 4 జీబీ ర్యామ్, 64 జీబీ జాగ, ఇగ అప్‌డేట్ అచ్చినప్పుడల్లా ఫోటోలు తీసేసుడే. ఇప్పటికీ బాపుకు చెప్పలే. షాపులనే ఆన్ చేపిచ్చి కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ కొట్టు, టాస్క్ మేనేజర్ తెరుచుకుంటది, అండ్ల పర్ఫామెన్స్‌ల మెమొరీ చూడు, ఫామ్ ఫ్యాక్టర్ కాడ సోడిమ్ అని ఉంటె స్లాట్ ఉన్నట్టు, రో ఆఫ్ చిప్స్ అని ఉంటె అతికిచ్చినట్టు.

కోడింగ్_అక్క:
ఎంసీఏకు జావా, పైథాన్, డేటాబేస్‌లకు 8 జీబీ సాలుతది. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌లనే ఫోన్ లెక్క నడిచే సాఫ్ట్‌వేర్) పెట్టిందంటె మాత్రం కష్టం, నేనైతే నా ఫోన్‌నే కేబుల్ పెట్టి యాప్‌లు టెస్ట్ చేస్త. ఇంకోటి, ఫ్యాన్ లేని మోడల్ అయితే మే నెలల మన ఎండలకు ప్రాసెసర్ తనంతట తనే స్పీడ్ తగ్గించుకుంటది, రేకుల ఇంట్ల ఉండి చదివేటోళ్లు అది చూస్కోవాలె.

సెకండ్‌హ్యాండ్:
పాత ఆఫీస్ ల్యాప్‌టాప్‌లు గూడ చూడున్రి, కొన్నిట్ల రెండు ర్యామ్ స్లాట్లుంటయ్, కీబోర్డ్ గట్టిగుంటది, బరువు జర ఎక్కువ. ఇంటెల్‌ది అయితే 8వ జనరేషన్ కంటే పాతది వద్దు, విండోస్ 11 మామూలుగ ఎక్కది, విండోస్ 10 కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14 తోటే ఐపోయింది.

చెల్లెకోసం:
మల్ల షాపుకు పోయచ్చిన. అక్క చెప్పినట్టు చూస్తె ఫ్యాన్ ఉన్నది. అన్న చెప్పినట్టు మెమొరీ చూస్తె రో ఆఫ్ చిప్స్ అనే వచ్చింది. అదే మోడల్‌ల 16 జీబీది ఐదు వేలు ఎక్కువంట, అమ్మను అడిగి చూస్త.