ఓఈటీయా, ఐఈఎల్‌టీఎస్సా? యూకేలో నర్సు ఉద్యోగానికి ఏది రాస్తే నయం?

నమస్కారమండి. మాది పర్లాకిమిడి. మా చెల్లి బీఎస్సీ నర్సింగ్ చేసి బరంపురంలో పనిచేస్తోంది, యూకే వెళ్లాలని ఒకటే పట్టు. అక్కడ నర్సుల రిజిస్ట్రేషన్ చూసే ఎన్‌ఎంసీ, ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో రైటింగ్‌కి 6.5, మిగతా మూడింటికీ 7 అడుగుతోంది. వైద్యరంగంలో పనిచేసేవాళ్ల కోసం ఉన్న ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ అయితే రైటింగ్‌కి సీ ప్లస్ గ్రేడు, మిగతావాటికి బీ. ఐఈఎల్‌టీఎస్‌లో వచ్చే గ్రాఫులు, 250 మాటల వ్యాసం అంటే దానికి చెమటలే. ఓఈటీలో రోగి కేసు నోట్స్ చూసి 45 నిమిషాల్లో ఉత్తరం రాయాలి, అది రోజూ చేసే పనిలాంటిదే కదా అంటుంది. ఫీజు మాత్రం బాగా ఎక్కువ!

రెండూ రాసినవాళ్లున్నారా? ఇంట్లో తెలుగు, వార్డులో ఒడియా, ఇంగ్లీషు మాట్లాడే తోడే లేదు. స్పీకింగ్ ఎవరితో సాధన చేశారు? నైట్ డ్యూటీలు చేస్తూ సొంతంగా చదివితే సరిపోతుందా, లేక విశాఖలో కోచింగ్‌కి పంపాలా?