రికార్డులు కడిగే మెషీన్‌కు 30 వేలు పెట్టొచ్చా?

నల్గొండ నుంచి: అన్నలూ, మా బాపు దాచిన ఎల్పీలు (పాటల గ్రామఫోన్ రికార్డులు) 150 దాకా ఉన్నాయి, కొన్ని పాత 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) కూడా. పెడితే ఒకటే చిటపట. వాక్యూమ్ మెషీన్ కొననా?

మిర్యాలగూడ నుంచి: తొందరపడకు తమ్ముడూ. మెషీన్ గొప్పతనం కడగడంలో కాదు, మురికినీళ్లు గాడిలో ఆరకముందే పీల్చేయడంలో ఉంది. చేత్తో కడిగినా సరే, బోరునీళ్లు మాత్రం వద్దు, ఆరితే ఉప్పు మిగులుతుంది, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ తీసుకో. 78లు చాలావరకు లక్కవి, వాటికి ఆల్కహాల్ అస్సలు తగలనివ్వకు, కరిగి పాడవుతాయి.

పాలమూరు నుంచి: గీతల చప్పుడు ఏ మెషీన్‌తోనూ పోదు. ముందు ప్లేయర్ సూది మార్చి చూడు.

నల్గొండ నుంచి: సరే అన్నా, ఆదివారం పది కడుగుతా. బాపు గుర్తులు కదా, భయమైతుంది.